త్రినాథ్ అంకుల్ పథ్యం

ఐర్లండ్‌లోని డండాక్‌లో చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలకు కాలేజీ ఐడీ కార్డు ఆలస్యంగా రావచ్చు. త్రినాథ్ అంకుల్ ఇంటి అడ్రసు మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాలేదు. నాకైతే అది హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే దొరికింది. బ్యాగుల లైన్లో నా ముందు నిలబడ్డ అమ్మాయి చెప్పింది, "ఆదివారం మధ్యాహ్నం వెళ్ళు. ఆకలితో వెళ్ళు" అని. మొదటి ఆదివారం నేను ఆ మాట పట్టించుకోక కాస్త తిని వెళ్ళాను. ఆ పొరపాటు మళ్ళీ చేయలేదు.

నా పేరు యోగిత, మాది వరంగల్. చదువైపోయేదాకా ఆ ఇంట్లో ఆదివారాలు తిని, ఆ తర్వాత అంకుల్ పనిచేసే మందుల ఫ్యాక్టరీలోనే ల్యాబులో ఉద్యోగం సంపాదించాను. ఆయనది క్వాలిటీ విభాగం. తయారైన మందు గేటు దాటాలంటే ఆయన సంతకం పడాలి. అంతదాకా ప్రతి డబ్బా మీద పసుపు చీటీ అంటించి ఉంటుంది, క్వారంటైన్ అని. పరీక్షలన్నీ అయ్యి, ఆయనకు నమ్మకం కుదిరితేనే పచ్చ చీటీ పడుతుంది. ఆ చీటీ కోసం ఆయన చుట్టూ మేనేజర్లు తిరుగుతుంటారు, ఈయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ నింపాదిగా కాగితాలు తిరగేస్తుంటారు. పనిలో అంత చెయ్యి బిగువు మనిషి, ఇంటికి రాగానే గరిటె పట్టుకుంటే ఆగేవారు కాదు.

ఆయనది సాలూరు పక్కన చిన్న ఊరు. విశాఖపట్నంలో కెమిస్ట్రీ చదివి, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో కొన్నేళ్ళు పనిచేసి, ఇక్కడికి వచ్చారు. వచ్చిన మొదటి ఆదివారం అద్దెగది కిటికీ దగ్గర నిలబడి, బ్రెడ్డు మధ్యలో ఆవకాయ పెట్టుకుని ఒక్కరే తిన్నారట. బయట వాన. ఎదురింటి కిటికీ దగ్గర ఒక ఐరిష్ ముసలాయన కూడా నిలబడి ఒక్కడే తింటున్నాడట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడి పరదాలు వేసుకున్నారట. ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర ఒకటే మాట: "నా ఇంటికొచ్చిన వాళ్ళు ఒక్కళ్ళే కూకుని తినకూడదమ్మా. అది నేను చూడలేను."

చూడలేరు కాబట్టి పక్కన కూర్చుని తినేవారు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా పిల్లలు ఏనాడైనా ఒకే వేళకి వచ్చారా? పన్నెండింటికి ఒక గుంపు వస్తుంది. పార్ట్‌టైమ్ పని ముగించుకుని రెండింటికి ఇంకో గుంపు. నిద్ర లేచి మూడున్నరకి ఒకడు. లైబ్రరీ నుంచి సాయంత్రం ఒకమ్మాయి. ఎవరొచ్చినా అంకుల్ తనకూ ఒక కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. ఆయన తింటుంటేనే వచ్చినవాళ్ళకు మొహమాటం పోతుందని ఆయన లెక్క. అలా ఒక్క ఆదివారం ఆయన పూట ఎన్ని పూటలయ్యేదో మీరే ఊహించుకోండి. కోడి పలావు, ఆవపెట్టిన కూర, బెల్లం పులుసు, ఆఖరున పూర్ణాలు. "మొహమాటానికి పోతే" అని మొదలయ్యే సామెత ఒకటుంది కదా. దాని రెండో సగం నేనిక్కడ రాయను గానీ, అంకుల్ పొట్ట చూస్తే అందరికీ అదే గుర్తొచ్చేది.

పోయిన శరత్కాలంలో ఫ్యాక్టరీ వాళ్ళు అందరికీ రక్తపరీక్షలు చేయించారు. అంకుల్ లివర్ ఎంజైములు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువొచ్చాయి. తాగుడు అలవాటు ఆయనకు లేదు. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్తే ఆవిడ స్కాన్ రాయించి, విషయం విడమరిచి చెప్పింది. కాలేయానికి కొవ్వు పట్టింది, దాని మీద ఇన్‌ఫ్లమేషన్ కూడా మొదలైంది, బరువు తగ్గాలి, అన్నమూ తీపీ తగ్గించాలి, తిన్నాక నడవాలి, బీపీ మాత్ర ఎలాగూ వేసుకుంటున్నారు, మిగతా అంతా గ్రాండ్, అంటే ఇక్కడి మాటలో బాగానే ఉందని. ఇంత చెబితే అంకుల్ చెవికెక్కింది ఆ ఆఖరు మాట ఒక్కటే.

"మందు రాయకుండా పంపించీసింది" అన్నారు నాతో, క్యాంటీన్లో. "మందు లేదంటే జబ్బు లేనట్టే కదేటి?"

"గట్లెట్ల అంకుల్? తిండి తగ్గించుమన్నది కదా."

"అది సలహా అమ్మా. సలహాలు మన సూర్యప్రభ రోజూ చెప్తాది."

సూర్యప్రభ ఆంటీ ఆయన భార్య. స్వోర్డ్స్‌లో డబ్లిన్ ఎయిర్‌పోర్టు పక్కన ఒక ఆఫీసులో పని, రోజూ బస్సులో పోయి వస్తుంది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. స్కాన్ రోజున డబ్లిన్ ఆసుపత్రికి ఆవిడే వెంట వెళ్ళింది. అక్కడి లివర్ నర్సు తెరమీద అంకెలు చూపించి నెమ్మదిగా చెప్పిందట. కొవ్వు ఉండటం ఒక సంగతి, ఆ కొవ్వు మీద మంట రేగడం ఇంకో సంగతి. మంట అలాగే ఉండిపోతే మచ్చలు పడతాయి, మచ్చలు ముదిరితే కాలేయం గట్టిపడి వెనక్కి రాదు. మీది ఇప్పుడు మంట దగ్గరుంది, మచ్చ అంచున ఉంది. ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. జూన్‌లో మళ్ళీ చూద్దాం అంది.

ఆంటీ ఇంటికొచ్చి గరిటెలన్నీ ఒక గుడ్డసంచీలో వేసి, తన గదిలో పెట్టుకుంది. తర్వాత మా వాట్సాప్ గుంపులో రాసింది: "ఆదివారం భోజనాలు ఆపేశాం. మళ్ళీ స్కాన్ బాగుందని ఆ నర్సు నోటితో చెప్పాకే." కింద వరసగా ఏడుపు మొహాలు. ఒకడైతే సంతాపం కూడా తెలిపాడు. వాణ్ణి నేను విడిగా పిలిచి తిట్టాను.

ఆ తర్వాతి ఆదివారం చూసిపోదామని వెళ్తే, అంకుల్ సోఫాలో కూర్చుని ఫోనులో ఎవరో పలావు వండుతుంటే చూస్తున్నారు. ఇల్లంతా చప్పుడు లేదు. నేనీ దేశంలో దిగిన కొత్తలో జ్వరంతో పడుంటే టిఫిన్ క్యారియర్ పట్టుకుని వానలో నడిచొచ్చిన మనిషి ఆయన. ఆ బల్ల దగ్గర నలుగురూ లేకపోతే ఆయన సగం మనిషి అని నాకు ఆరోజు తెలిసింది.

"యోగితా, ఊళ్ళో చైనా మందులిచ్చే డాక్టరమ్మ ఉందట" అన్నారు తలెత్తి. "క్లాన్‌బ్రాసిల్ వీధి పక్క సందులో. వెళ్దామా?"

నాకు ఒళ్ళు మండింది. ల్యాబులో పనిచేసేదాన్ని, పొడులూ వేర్లూ అంటే నాకు గిట్టదు. నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి ఆంటీ వచ్చి, "నువ్వూ వెంట వెళ్ళు. ఆయన ఏది పడితే అది మింగకుండా చూడు" అంది. సరే, ఆవిడెవరో ఆవిడ సంగతేదో తేల్చుదామని నేనే కారు తీశాను.

డాక్టర్ లిన్ అరవై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంది. గోడ నిండా చెక్క సొరుగులు, ఎండు నారింజతొక్కల వాసన. డండాక్‌లో ఎన్నాళ్ళుగా ఉంటోందో గానీ, ఆవిడ ఇంగ్లీషులో అచ్చంగా మా ఫ్యాక్టరీ గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన ఐరిష్ యాస వినిపిస్తుంది. ముందు అంకుల్ రిపోర్టులు అడిగింది. ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడిగింది. నాలుక చాపమంది. తర్వాత మూడు వేళ్ళతో ఒక మణికట్టు, ఆ తర్వాత రెండోది పట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు చూసింది. అంకుల్ ముఖం వెలిగిపోయింది. నాడి చూసే డాక్టరు ఐర్లండ్‌లో దొరుకుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"మీ కాలేయంలో తేమ, వేడి చేరాయి" అంది కళ్ళు తెరిచి.

అంకుల్ నావైపు తిరిగారు. "చూసేవా? వేడి చేసిందంతోంది."

ఇన్‌ఫ్లమేషన్ అనే మాట జీపీ చెప్పింది, నర్సు చెప్పింది, నేనూ నెలన్నరగా చెబుతున్నాను. ఒక్కరి మాటా లోపలికి దిగలేదు. వేడి చేసిందనగానే దిగిపోయింది. నేను ఆగలేక లిన్ గారిని నిలదీశాను. దీనికి రుజువేమిటి, పరీక్షలు ఎక్కడ చేశారు, ఎంతమంది మీద అని. ఆవిడ కోప్పడలేదు.

"కొన్ని దినుసుల మీద చిన్న పరిశోధనలు ఉన్నాయి" అంది. "ఎంజైములు తగ్గాయని రాశారు. పెద్దవి, గట్టివి తక్కువ. కొన్ని వేర్లు కాలేయాన్నే దెబ్బతీసిన సంగతి కూడా నాకు తెలుసు. అందుకే ముందు రిపోర్టులు అడిగాను. నేనిచ్చే మందు వాడే ముందు ఆసుపత్రిలో చూపించండి. వాళ్ళు సరేనంటేనే వాడండి."

పోట్లాడదామని వెళ్తే ఎదుటి మనిషి మనం అనాల్సినవన్నీ తానే అనేస్తే ఇంకేం చేస్తాం? ఆవిడ సొరుగులు లాగి, ఎండిన ఎర్రటి పుల్లని కాయలు కొన్ని, నారింజతొక్కలు, రెండు రకాల వేర్లు తూచి, పొట్లం కట్టి, పైన అన్నింటి పేర్లూ రాసింది. కాచి తాగాలంది. అంకుల్ పొట్లం అందుకుని, లేవకుండా అలాగే కూర్చున్నారు.

"మరి పథ్యం?"

లిన్ గారికి అర్థం కాలేదు. అంకుల్ తన ఇంగ్లీషులో విడమరిచారు: మందు వాడుతున్నప్పుడు ఏమేం తినకూడదో, ఏం తినాలో వైద్యులే చెబుతారు, దాన్ని మా వైపు పథ్యం అంటారు, అది తప్పితే మందుకు కోపమొస్తుంది. ఆవిడ త్రాసు పక్కకు జరిపింది. "నా దగ్గరికొచ్చేవాళ్ళు ఎవరూ నన్నిది అడగరు. నేనే చెబుతాను, వాళ్ళు వినరు" అంది. తర్వాత వేళ్ళు మడిచి చెప్పింది. రాత్రి తెల్లన్నం లేదు. తీపి లేదు, తీపి నీళ్ళూ లేవు. ఆకలి సగం ఉండగానే లేవాలి. తిన్నాక నడవాలి. చీకటి పడకముందే రాత్రి భోజనం అయిపోవాలి.

కారులో నేను ఉండబట్టలేక అన్నాను, "జీపీ చెప్పింది గిదే గద అంకుల్. ఒక్క ముక్క తేడా లేదు."

"ఆవిడ సలహా చెప్పింది. ఈవిడ పథ్యం పెట్టింది" అన్నారు ఆయన, పొట్లం ఒళ్ళో పెట్టుకుని.

ఇంటికెళ్ళాక ఆయన చేసిన మొదటి పని నాకిప్పటికీ కళ్ళముందుంది. ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు. వంటింటి ప్రెస్‌లో ఒక అర ఖాళీ చేసి, పొట్లం అందులో పెట్టి, పసుపు కాగితం ముక్క కత్తిరించి, దాని మీద క్వారంటైన్ అని రాసి అంటించారు. పొట్లం మీది పేర్లన్నీ ఆసుపత్రికి రాసి పంపి, జవాబు రాకుండా విప్పేది లేదన్నారు. ఏది పడితే అది మింగుతారని ఆంటీ భయపడిందే గానీ, ఇరవై ఏళ్ళుగా మందులకు కాపలా ఉన్న మనిషి తన పొట్టకు మాత్రం కాపలా ఉండడా? పథ్యం మాత్రం ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. మందు ఇంట్లో అడుగుపెడితే పథ్యం మొదలైనట్టేనట.

మొదలుపెట్టడంలోనే ఒక తిరకాసు జరిగింది. అది డిసెంబర్. డండాక్‌లో నాలుగున్నరకల్లా చీకటి. చీకటి పడకముందే తినాలని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, అంకుల్ రోజూ మూడున్నరకి క్యాంటీన్లో రాత్రి భోజనం ముగించేవారు. ఫ్యాక్టరీ వాళ్ళంతా టీ తాగే వేళకి ఈయన చోడి రొట్టె, ఆనపకాయ కూర డబ్బా విప్పేవారు. చోళ్ళను మేం రాగులంటాం, ఆనపకాయను సొరకాయ అంటాం, ఆ విషయం మీద కూడా మాకు రోజూ తగువే. ఇక రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆకలికి నిద్రపట్టక ఇల్లంతా తిరిగేవారట. చివరికి అసలు తప్పెక్కడుందో వాళ్ళమ్మాయి సహస్ర పట్టుకుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో వస్తుంది. "డాడ్, షి డిడ్‌న్ట్ మీన్ వింటర్. ఇన్ జూన్ యూ'ల్ బీ ఈటింగ్ ఎట్ టెన్" అంది. అంకుల్ లిన్ గారికి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వీ నవ్వీ ఆరు గంటలని ఖాయం చేసింది. ఆ రాత్రి ఆయన సుఖంగా పడుకున్నారు.

ఆసుపత్రి నుంచి జవాబు వచ్చింది. లివర్ నర్సు స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. పొట్లంలో ఒక వేరు వల్ల కాలేయాలు పాడైన కేసులు ఉన్నాయి, మిగతావాటి గురించి మాకు సరిగా తెలియదు, కనీసం స్కాన్ అయ్యేదాకా ఆగండి అని. అంకుల్ వెంటనే ఒప్పుకున్నారు. ఫ్యాక్టరీలో కూడా ఒకేసారి రెండు మార్పులు చేయనివ్వరు ఆయన, దేనివల్ల ఏం జరిగిందో తేలదని. లిన్ గారికి ఆ మాట చెబితే ఆవిడా సరేనంది. ఆ వేరు పేరు రాసుకుంది కూడా. పొట్లం ప్రెస్‌లోనే ఉండిపోయింది, పథ్యం సాగుతూనే ఉంది.

"మందు తాగకుండ పథ్యమేంది అంకుల్?" అని అడిగాను ఒకరోజు.

"మందు ఇంట్లో ఉందా లేదా?"

"ఉన్నది. మీరు తాగుతలేరు గద."

"పథ్యం మందు వాడకం అయ్యేదాకా ఉండాల. మందు ఇంకా మొదలవనేదు. మరి పథ్యం ఎలగ ఆపుతాం?"

ఆయనకు పథ్యం కొత్త కాదు. చిన్నప్పుడు ఆయనకు కామెర్లు వచ్చాయట. పసరు మూడు ఉదయాలు పోశారు, పథ్యం మాత్రం మామిడిపళ్ళ కాలం వెళ్ళిపోయేదాకా పెట్టారట. పక్కింటి పిల్లలు అరుగు మీద కూర్చుని పళ్ళు జుర్రుకుంటుంటే ఈయన మజ్జిగన్నం తిన్నారు. "అయినా బతికేను కదా" అన్నారు, ఇప్పటికీ ఆ మామిడిపళ్ళ మీద కోపం పోని గొంతుతో. ఆంటీ పక్కనుంచి, "పథ్యం చేసేవాడికి మందుతో పనిలేదు, చెయ్యనివాడికి మందువల్ల పనిలేదు అనేవారు మా నాన్న" అంది. ఆవిడ అంత పొడుగు వాక్యం మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు.

జనవరిలో ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. బయట చరిత అనే పిల్ల నిలబడి ఉంది. పాలకొండ నుంచి అదే వారం దిగింది. భోజనాలు ఆపేసిన సంగతి తనకెవరూ చెప్పలేదు. ముక్కు ఎర్రగా, వేలి చివర్లు నీలంగా, చేతిలో ఒక జీడిపప్పు పొట్లం. లోపల వంటవాసన ఏదీ రాకపోయేసరికి తప్పు ఇంటికొచ్చానేమోనని బెదిరిపోయి, వెనక్కి తిరగబోయింది.

"ఎక్కడికెళ్ళిపోతావు? రా, కూకో" అన్నారు అంకుల్.

ఆయన ఆంటీ వైపు చూశారు. ఆంటీ ఆ పిల్ల వైపు చూసింది. లోపలికి వెళ్ళి గరిటెల సంచీ తెచ్చి, అందులోంచి ఒకటి తీసి తన చేతిలోనే ఉంచుకుంది. చరితకి అన్నం, పప్పు, నెయ్యి పెట్టింది. అంకుల్‌కి ఆయన చోడి రొట్టె, ఆనపకాయ కూర, మేకరెల్ చేపముక్క. ఆయన తన కంచం ముందు కూర్చున్నాక ఆ పిల్ల మొదటి ముద్ద ఎత్తింది. రెండు ముద్దలు తిని ఏడ్చింది, మళ్ళీ తింది. తర్వాత ఆయన కంచంలోకి చూసి, "అంకుల్, అది చోడి రొట్టా? మా నాన్నమ్మ చేసేది. నాకూ ఒకటి పెట్టరా?" అంది.

అప్పుడు అంకుల్ ముఖం చూడాలి. పథ్యం తిండి పక్కవాళ్ళు కూడా తినగలరని ఆయనకు ఆ క్షణం దాకా తోచలేదు. ఆ సాయంత్రమే ఆంటీతో సంధి కుదిరింది. భోజనాలు మళ్ళీ మొదలు, కానీ ఒక్కటే బంతి. సరిగ్గా ఒంటిగంటకి. తర్వాత వచ్చినవాళ్ళకి టీ తప్ప ఏమీ లేదు. పలావు లేదు, తీపి లేదు. గరిటె ఆంటీ చేతిలో. అంకుల్ అందరితో కలిసి ఒకేసారి తింటారు, ఒక్కసారే తింటారు. మా పిల్లలు, జన్మలో క్లాసుకి టైముకి పోనివాళ్ళు, పన్నెండూ యాభైకే గేటు దగ్గర వరస కట్టారు. మొదట్లో కొందరు మొహాలు ముడుచుకున్నారు. చోడి రొట్టె కోసం ఇంతదూరం రావాలా అని ఒకడు గొణిగితే, నీ గదిలో నూడుల్స్ ఎదురుచూస్తున్నాయి, వెళ్ళు అన్నాను. వాడు వెళ్ళలేదు, పైగా రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

తిన్నాక అందరం బ్లాక్‌రాక్ తీరంలో నడక. సముద్రం అవతల కూలీ అనే పేరున్న కొండలు ఉంటాయి, వాన లేనప్పుడు కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే నేను వాటిని రెండుమూడుసార్లే చూశాను. గాలికి గొడుగులు తిరగబడేవి, చరిత మఫ్లర్ ఒకసారి నీళ్ళపాలైంది. అంకుల్ మాత్రం ముందు నడిచేవారు, కుక్కల్ని తిప్పే ముసలమ్మలందరితో పేరు పేరునా మాట్లాడుతూ. వసంతం వచ్చేసరికి ఆయన ప్యాంటు బెల్టుతో మాత్రమే నిలబడుతోంది.

జూన్ దగ్గరపడుతున్న కొద్దీ ఆయన మాట తగ్గింది. స్కాన్ ముందురోజు సాయంత్రం సముద్రపు గట్టు మీద ఇద్దరమే నడుస్తుంటే ఆగిపోయారు.

"మచ్చ పడిపోయుంటే ఏటి చేస్తానమ్మా?"

"పడలేదు అంకుల్."

"నీకెలగ తెలుసు? ల్యాబుపిల్లవి, చూడకుండా చెప్పకూడదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చావంటే భయం కాదు. మంచంలో పడితే వేరే గదిలో కంచం పెడతారు. ఒక్కడినే తినాల. దానికి భయం."

ఆయన చెయ్యి పట్టుకుని కారుదాకా నడిచాను. మా నాన్న చెయ్యి కూడా నేనెప్పుడూ అలా పట్టుకోలేదు.

ఆసుపత్రికి నలుగురం వెళ్ళాం. ఆ నర్సు నోటితో తానే వినాలని ఆంటీ, పరీక్షేదో ఎగ్గొట్టి సహస్ర, కారు నడపడానికి నేను. నర్సు స్కాన్ చేసింది, రక్తం రిపోర్టు తెరిచింది, పాతది పక్కన పెట్టుకుంది. రెండింటినీ వరసవరసా పోల్చి చూసింది. సహస్ర నా చేతిని గట్టిగా నొక్కింది.

"కాలేయం గట్టిదనం మామూలు స్థాయికి వచ్చింది" అంది నర్సు. "కొవ్వు బాగా తగ్గింది. ఎంజైములు మామూలే. మంట చల్లారినట్టే ఉంది. ఏం చేశారు మీరు?"

"పథ్యం" అన్నారు అంకుల్ తెలుగులోనే.

సహస్ర ఇంగ్లీషులో చెప్పింది. నర్సు నవ్వి, ఇల్లు అలకగానే పండగ కాదన్న అర్థం వచ్చేలా ఏదో హెచ్చరించింది. బరువు మళ్ళీ పెరగకూడదు, ఏటా చూపించుకోవాలి అంది. ఆంటీ అన్నింటికీ తలూపి, ఆఖరున ఒకే ఒక ప్రశ్న అడిగింది. ఆదివారం ఆయన పలావు వండొచ్చా అని. నర్సుకు ఆ ప్రశ్న అక్కడికెందుకొచ్చిందో అర్థంకాలేదు గానీ, వండొచ్చు, కొంచెమే తినాలి అంది. నేను బయటికొచ్చి కారిడార్లో గోడకు ఆనుకుని ఏడ్చాను. సంతోషమొస్తే నాకు అలాగే వస్తుంది, ఎవరికీ చెప్పకండి.

ఆ ఆదివారం డాక్టర్ లిన్‌ని భోజనానికి పిలిచారు. జూన్ ఎండ, తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, పలావు వాసన వీధి చివరిదాకా పోయింది. పిల్లలంతా ఒంటిగంటకు ముందే హాజరు. లిన్ గారు ఒక బుట్టలో నారింజపళ్ళు తెచ్చింది. వంటింట్లోకి రాగానే అంకుల్ ప్రెస్ తెరిచి, పసుపు చీటీ అంటించిన పొట్లం చూపించారు. కట్టిన దారం కూడా విప్పలేదు.

"ఇప్పుడు దీనికి పచ్చ చీటీ అంటించమంటారా, పారేయమంటారా?" అని అడిగారు, ఫ్యాక్టరీలో బ్యాచ్ గురించి అడిగినంత గంభీరంగా.

ఆవిడ పొట్లం తిప్పి చూసింది, తన చేతిరాత చూసుకుంది, చీటీ చదివింది. "తాగొద్దు" అంది. "పారేయొద్దు కూడా. ఇది ఇక్కడి నుంచి తీస్తే మీరు పథ్యం మానేస్తారు." పొట్లం తీసుకెళ్ళి మళ్ళీ అదే అరలో తానే పెట్టి, ప్రెస్ తలుపు వేసింది.

బల్ల దగ్గర అందరం కూర్చున్నాక ఆంటీ గరిటె తెచ్చి అంకుల్ చేతిలో పెట్టింది. నవంబర్ తర్వాత అదే మొదటిసారి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ముందు లిన్ గారికి వడ్డించారు, తర్వాత చరితకి, తర్వాత మాకందరికీ. తన కంచంలో ఒక్క గరిటె పలావు, దాని చుట్టూ ఆకుకూర. అందరం కలిసి మొదటి ముద్ద ఎత్తాం. లిన్ గారు కళ్ళు మూసుకుని తింది, నాడి చూసినప్పటిలాగే. కంచం ఖాళీ అవుతోందో లేదో, అంకుల్‌లోని పాత మనిషి లేచాడు. గరిటె నిండా పలావు తీసుకుని ఆవిడ కంచం మీదికి వంగారు.

"ఇంకొంచెం, డాక్టర్. ఒక్క గరిటె."

ఆ గరిటెను ఆపినవాళ్ళు మాలో ఎవరూ లేరు. చేతులు అడ్డం పెట్టాం, కంచాలు దాచాం, నిండిపోయిందని ఒట్లు వేశాం. ఏనాడూ ఏదీ పనిచేయలేదు. లిన్ గారు నెమ్మదిగా కంచం మీద అరచెయ్యి పరిచి, ఆయన కళ్ళలోకి చూసి, ఆయన నేర్పిన మాటనే పలికింది.

"పథ్యం."

గరిటె గాల్లో ఆగిపోయింది. మొదట నవ్వింది ఆంటీ. ఆవిడ అంత గట్టిగా నవ్వగలదని కూడా మాకు తెలియదు. తర్వాత బల్లంతా నవ్వింది. అంకుల్ గరిటెలో ఉన్నది మళ్ళీ గిన్నెలోకే వంచేసి, గరిటె ఆంటీకి ఇచ్చేసి, లిన్ గారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తన కంచంలో మిగిలిన రెండు ముద్దలు ఆవిడతో మాట్లాడుతూ నింపాదిగా తిన్నారు.